టెర్రాఫార్మ్, ఆన్సిబుల్ లాంటి టూల్స్‌కి సీక్రెట్లు అందించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

సర్వర్లు, నెట్‌వర్కులు, డేటాబేస్‌లు అన్నిటినీ టెర్రాఫార్మ్, ఆన్సిబుల్ లాంటి టూల్స్ నడిపే కోడ్‌గా రాసి గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్రని దాచే టూల్) పెట్టడం మొదలుపెట్టిన ఏ టీమ్‌కైనా తొందరలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. కోడ్ అందరూ చూడాలి, పాస్‌వర్డ్ లాంటి సీక్రెట్ ఎవరూ చూడకూడదు, కానీ డిప్లాయ్‌మెంట్ (ఆ కోడ్‌ని నడిపి నిజమైన సర్వర్లు నిలబెట్టడం) జరగాలంటే రెండూ ఒకచోట కలవాలి. ఎవరిని అడిగినా వెంటనే వచ్చే సలహా "ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టెయ్", అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు దానికి బయటి నుంచి అందే విలువల్లో. ఆ సలహా తప్పు కాదు గానీ, సగమే. పాస్‌వర్డ్ టూల్ లోపలికి ఏ దారిన వెళ్లిందో అది చెబుతుంది. వెళ్లాక ఎక్కడెక్కడ నిలిచిపోయిందో చెప్పదు. అసలు ప్రమాదమంతా ఆ మిగిలిపోయిన చోట్లలోనే ఉంది.

అందుకే ఇక్కడ ప్రతి పద్ధతినీ ఒకే ప్రశ్నతో తూచుతాను: డిప్లాయ్‌మెంట్ అయిపోయాక ఆ విలువ ఇంకా ఎక్కడ ఉంది? ఉదాహరణలు ఎక్కువగా టెర్రాఫార్మ్, ఎడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) మీద ఇస్తాను. సర్వర్లని సెట్ చేసే ఆన్సిబుల్, కంటైనర్లని నడిపే కుబెర్నెటిస్, టెర్రాఫార్మ్ లాంటిదే అయిన పులుమి దగ్గర తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు రెండు కుప్పలు చేయండి

మీ ప్రాజెక్టులో ఉన్న సీక్రెట్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత వాటిని రెండు రకాలుగా విడదీయండి.

ఒక రకం, టూల్ తానెవరో నిరూపించుకోవడానికి వాడేవి. క్లౌడ్ యాక్సెస్ కీ, సర్వీస్ అకౌంట్ ఫైల్, సర్వర్లలోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ కీ ఈ కుప్పలోకి వస్తాయి. రెండో రకం, టూల్ సృష్టించే వాటిలోకి వెళ్లి కూర్చునేవి. డేటాబేస్ మాస్టర్ పాస్‌వర్డ్, టీఎల్ఎస్ (వెబ్ కనెక్షన్ల ఎన్‌క్రిప్షన్) ప్రైవేట్ కీ, బయటి సర్వీసుల ఏపీఐ టోకెన్లు ఇందులోకి వస్తాయి.

ఈ రెంటికీ ఒకే మందు పనిచేయదు. మొదటి రకం విషయంలో శాశ్వతమైన కీ అనేదే లేకుండా చేయడం లక్ష్యం. రెండో రకం విషయంలో టూల్‌కి విలువ ఇవ్వకుండా, ఆ విలువ ఉన్న చోటి పేరు మాత్రమే ఇవ్వడం లక్ష్యం. చాలా టీమ్‌లు ఈ విభజన చేయకుండా అన్నీ కలిపి సీఐ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు, డిప్లాయ్‌మెంట్ తానే నడిపే వ్యవస్థ) సెట్టింగ్స్‌లో పడేస్తాయి. ఆర్నెల్లు గడిచాక ఏది దేనికి వాడుతున్నారో, ఏది మారిస్తే ఏది ఆగిపోతుందో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది.

మొదటి అడుగు: గుర్తు విలువతో జాడ తీయండి

ఏదైనా మార్చే ముందు, ఇప్పుడు మీ సీక్రెట్లు ఎక్కడెక్కడికి పారుతున్నాయో కళ్లతో చూడండి. దీనికి ఖరీదైన స్కానర్ అక్కర్లేదు. ఒక టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ తీసుకుని, అసలు పాస్‌వర్డ్ స్థానంలో మరెక్కడా కనిపించే అవకాశం లేని ఒక బూటకపు విలువ ఇవ్వండి. "నెమలిపింఛం7731" లాంటిది ఏదైనా, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టండి. అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. కోణపు బ్రాకెట్లు, యాంపర్‌సాండ్ లాంటి గుర్తులు ఉంటే జేసన్‌లోకి (డేటా రాసే ఒక టెక్స్ట్ పద్ధతి) వెళ్లేటప్పుడు అవి యూనికోడ్ ఎస్కేప్ రూపంలోకి మారిపోవచ్చు. అప్పుడు విలువ అక్కడే ఉన్నా వెతుకులాటలో దొరకదు.

ఇప్పుడు మీ మామూలు పద్ధతిలోనే ప్లాన్ (ఏం మారబోతోందో చూపేది), అప్లై (ఆ మార్పులు చేసేది) నడపండి. అయిపోయాక ఆ మాటని ఈ చోట్లలో వెతకండి. టెర్రాఫార్మ్ తాను సృష్టించినవాటి వివరాలు రాసుకునే ఫైల్‌ని స్టేట్ అంటారు; ముందుగా టెర్రాఫార్మ్ స్టేట్ పుల్ కమాండ్ ఇచ్చే అవుట్‌పుట్‌ని గ్రెప్‌కి (టెక్స్ట్‌లో మాట వెతికే కమాండ్) పంపండి. తర్వాత ప్లాన్‌ని ఫైల్‌గా దాచి ఉంటే దాన్ని చూడండి. ఆ ఫైల్ నిజానికి ఒక జిప్ కాబట్టి నేరుగా గ్రెప్ చేస్తే ఏమీ దొరకదు, లీకేజీ లేదని మోసపోతారు. టెర్రాఫార్మ్ షో కమాండ్‌ని జేసన్ ఆప్షన్‌తో నడిపి, దాని అవుట్‌పుట్‌లో వెతకాలి. ఆ తర్వాత సీఐ లాగ్, సీఐ దాచిన ఆర్టిఫ్యాక్టులు (జాబ్ తర్వాత మిగిల్చే ఫైళ్లు), మీరు టైప్ చేసిన కమాండ్లు దాచే షెల్ హిస్టరీ ఫైల్, టెర్రాఫార్మ్ పక్కనే వదిలే బ్యాకప్ స్టేట్ ఫైల్ చూడండి. అదే విలువ బేస్64 రూపాన్ని (ఎవరైనా వెనక్కి మార్చగలిగే ఒక అక్షరాల కూర్పు) కూడా విడిగా వెతకండి.

మొదటిసారి ఇది చేసినవాళ్లలో చాలామందికి గుర్తు విలువ కనీసం రెండు మూడు చోట్ల దొరుకుతుంది. ఆ జాబితాయే మీ పని పట్టిక. కింద చెప్పే ఒక్కో మార్పు చేశాక ఇదే పరీక్ష మళ్లీ నడపండి. అసలు పాస్‌వర్డ్‌తో మాత్రం ఈ పరీక్ష చేయకండి. గ్రెప్ కమాండ్‌లో దాన్ని టైప్ చేసిన క్షణమే అది హిస్టరీలోకి ఎక్కుతుంది.

విలువ లోపలికి వెళ్లే దారులు

కోడ్‌లోనే రాయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2016లో ఉబర్ మీద దాడి చేసినవాళ్లు ఆ కంపెనీ ఇంజనీర్లు వాడే గిట్‌హబ్ ప్రైవేట్ రెపోలోకి (కోడ్ ఉంచే చోటు) వెళ్లి, అందులో దొరికిన ఎడబ్ల్యూఎస్ కీతో 5.7 కోట్ల మంది వివరాలు ఎత్తుకెళ్లారు. రెపో ప్రైవేటే కదా అన్న ధైర్యానికి ఆ ఒక్క ఘటన చాలు.

టీఎఫ్‌వార్స్ ఫైల్‌లో (వేరియబుల్స్ విలువలు ఉండేది) పెట్టి, గిట్‌లోకి వెళ్లకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో చేర్చడం తర్వాతి మెట్టు. ఇది నడుస్తుంది గానీ ఆ ఫైల్ ల్యాప్‌టాప్‌ల మధ్య చాట్‌లోనో మెయిల్‌లోనో తిరగడం మొదలవుతుంది. పైగా ఎవరో ఒకరు ఫైల్ పేరు కొద్దిగా మారిస్తే ఇగ్నోర్ నియమం దానికి వర్తించదు.

కమాండ్ లైన్‌లో వార్ ఆప్షన్‌తో విలువ ఇవ్వడం వీటన్నిటికంటే హానికరం, అయినా ఎక్కువగా కనిపించేది. షెల్ హిస్టరీలో పడుతుందన్నది అందరికీ తెలుసు. ఇంకొకటి ఉంది. లినక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కీ ప్రాక్ ఫోల్డర్ కింద సీఎండీలైన్ అనే ఫైల్ ఉంటుంది. మామూలుగా ఆ మెషీన్ మీద ఖాతా ఉన్న ఎవరైనా దాన్ని చదవగలరు. అంటే మీ అప్లై పది నిమిషాలు నడిస్తే ఆ పది నిమిషాలూ పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టిన ప్రతివాడికీ పాస్‌వర్డ్ కనిపిస్తుంది. అదే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉండే ఎన్విరాన్ ఫైల్‌ని ఆ ప్రాసెస్ యజమాని, రూట్ మాత్రమే చదవగలరు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కమాండ్ లైన్ కంటే మేలు అనడానికి అసలు కారణం ఇదే.

టెర్రాఫార్మ్‌కి ఇది సులువు. టీఎఫ్ వార్ అనే రెండు మాటల్ని అండర్‌స్కోర్‌తో కలిపి ముందు పెట్టి, తర్వాత ఇంకో అండర్‌స్కోర్, మీ వేరియబుల్ పేరు రాస్తే చాలు, టూల్ తానే తీసుకుంటుంది. విలువని షెల్‌లో టైప్ చేయాల్సి వస్తే రీడ్ కమాండ్‌ని ఎస్ ఆప్షన్‌తో వాడండి. అప్పుడు స్క్రీన్ మీద కనిపించదు, హిస్టరీలోకి వెళ్లదు.

అయితే దీనికీ హద్దు ఉంది. ఒక ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్ దాని పిల్ల ప్రాసెస్‌లన్నిటికీ వారసత్వంగా వెళ్తుంది. ప్రతి ప్రొవైడర్ ప్లగిన్ (క్లౌడ్‌తో మాట్లాడే భాగం), టెర్రాఫార్మ్ అదే మెషీన్ మీద నడిపే ప్రతి లోకల్ ఎగ్జిక్ స్క్రిప్ట్, సీఐలో అదే స్టెప్‌లో నడిచే ప్రతి చిన్న టూల్ దాన్ని చదవగలదు. 2021లో, కోడ్‌లో ఎంత భాగానికి టెస్టులు ఉన్నాయో లెక్క చూపే కోడ్‌కవ్ సంస్థ బ్యాష్ అప్‌లోడర్ స్క్రిప్ట్‌ని దుండగులు మార్చి, రెండు నెలల పాటు కస్టమర్ల సీఐ మెషీన్లలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని బయటికి పంపించుకున్నారు. కవరేజ్ లెక్క చూపే స్క్రిప్ట్‌కి డిప్లాయ్‌మెంట్ కీతో పనే లేదు. అయినా పక్కనే ఉంది కాబట్టి దొరికింది. సీక్రెట్‌ని మొత్తం జాబ్‌కి కాకుండా అది అవసరమైన ఒక్క స్టెప్‌కే ఇవ్వమనడం ఇందుకే.

స్టేట్ ఫైల్: అందరూ మర్చిపోయే చోటు

టెర్రాఫార్మ్‌లో వేరియబుల్‌కి సెన్సిటివ్ అని గుర్తు పెడితే స్క్రీన్ మీద విలువ బదులు సెన్సిటివ్ వాల్యూ అనే మాట వస్తుంది. అది చూసి విలువ భద్రంగా ఉందనుకోవడం సహజం. ఆ గుర్తు చేసేది స్క్రీన్ మీద దాచడం ఒక్కటే. స్టేట్ ఫైల్‌లో, దాచుకున్న ప్లాన్ ఫైల్‌లో విలువ మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. అవుట్‌పుట్ కమాండ్‌ని జేసన్ ఆప్షన్‌తో నడిపినా నేరుగా కనిపిస్తుంది.

ఇంకా ఆశ్చర్యపరిచేది డేటా సోర్స్, అంటే బయట ఉన్న విలువని టెర్రాఫార్మ్ చదువుకునే బ్లాక్. "పాస్‌వర్డ్ మా దగ్గర లేదు, సీక్రెట్స్ మేనేజర్ నుంచి డేటా బ్లాక్‌తో చదువుతున్నాం" అని ధైర్యంగా చెప్పే టీమ్‌లు చాలా ఉన్నాయి (సీక్రెట్స్ మేనేజర్ అంటే సీక్రెట్లు దాచే ఎడబ్ల్యూఎస్ సర్వీస్). డేటా బ్లాక్ చదివిన విలువ కూడా స్టేట్‌లోకి వెళ్తుంది. ర్యాండమ్ పాస్‌వర్డ్ రిసోర్స్ పుట్టించిన విలువా అంతే, టీఎల్ఎస్ ప్రైవేట్ కీ రిసోర్స్ తయారుచేసిన కీ కూడా అంతే. కట్టుదిట్టమైన వాల్ట్ (సీక్రెట్లు దాచే చోటు) నుంచి తీసిన రహస్యం నకలు ఒకటి ఎస్3 బకెట్‌లో (ఎడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోటు) జేసన్‌గా పడి ఉంటుంది.

కాబట్టి స్టేట్‌ని కూడా ఒక సీక్రెట్‌గానే చూడాలి. రిమోట్ బ్యాకెండ్‌లో (ల్యాప్‌టాప్ మీద కాకుండా బయట స్టేట్ దాచే చోటు) ఉంచండి, కేఎంఎస్ (ఎన్‌క్రిప్షన్ కీలు చూసుకునే క్లౌడ్ సర్వీస్) కీతో ఎన్‌క్రిప్ట్ చేయండి, ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌కి వేరే స్టేట్ పెట్టి ఎవరు చదవగలరో ఖచ్చితంగా నిర్ణయించండి. "వాళ్లకి రీడ్ ఓన్లీనే ఇచ్చాం" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. అకౌంట్ మొత్తానికి చదివే హక్కు ఉన్న రోల్ (కొన్ని హక్కులు కట్టిపెట్టిన గుర్తింపు) సాధారణంగా ఎస్3 ఆబ్జెక్టుల్ని కూడా చదవగలదు. అంటే స్టేట్ ఫైల్‌ని కూడా, అందులోని పాస్‌వర్డ్‌లని కూడా. కేఎంఎస్ కీ మీద డిక్రిప్ట్ అనుమతిని విడిగా బిగిస్తేనే ఆ తలుపు మూసుకుంటుంది.

టెర్రాఫార్మ్ నుంచి విడిపోయి పుట్టిన ఓపెన్‌టోఫు వాడేవాళ్లకి ఒక అదనపు సౌకర్యం ఉంది. 2024లో వచ్చిన 1.7 వెర్షన్ నుంచి, మీరు సెట్ చేసుకుంటే, స్టేట్‌ని, ప్లాన్ ఫైల్‌ని టూలే ఎన్‌క్రిప్ట్ చేసి దాస్తుంది. బకెట్ చదివే హక్కు ఉన్నవాడికి కూడా కీ లేకపోతే లోపలి విషయం తెలియదు. మీరు టెర్రాఫార్మ్ నుంచి మారాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే, ఈ ఒక్క లక్షణం తూకంలో గట్టిగా నిలబడుతుంది.

మొదటి కుప్ప: శాశ్వత కీలు తీసేయండి

ఎడబ్ల్యూఎస్‌లో ఏకేఐఏ అక్షరాలతో మొదలయ్యే కీ ఐడీ మీ సీఐలో ఎక్కడైనా ఉంటే దాన్ని ముందు వదిలించుకోవాలి. అది శాశ్వత కీ. ఏఎస్ఐఏతో మొదలయ్యేవి తాత్కాలికమైనవి, గడువు తీరగానే వాటంతట అవే చచ్చిపోతాయి.

టూల్ క్లౌడ్ లోపలి మెషీన్ మీద నడుస్తుంటే పని తేలిక. ఆ మెషీన్‌కి ఇన్‌స్టెన్స్ ప్రొఫైల్ లేదా మేనేజ్డ్ ఐడెంటిటీ (మెషీన్‌కే క్లౌడ్ ఇచ్చే గుర్తింపు) ఇవ్వండి, కోడ్‌లో ప్రొవైడర్ బ్లాక్‌లో కీలేవీ రాయకండి. క్రెడెన్షియల్స్‌ని టూలే వెతికి పట్టుకుంటుంది.

బయటి సీఐ నుంచి నడుస్తుంటే ఓఐడీసీ (సంతకం చేసిన టోకెన్‌తో తానెవరో నిరూపించుకునే పద్ధతి) వాడాలి. గిట్‌హబ్ వారి సీఐ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో అది జరిగే తీరు చూడండి. జాబ్ మొదలవగానే గిట్‌హబ్ ఆ జాబ్ పేరు మీద సంతకం చేసిన ఒక టోకెన్ ఇస్తుంది. ఏ రెపో, ఏ బ్రాంచ్, ఏ ఎన్విరాన్‌మెంట్ అన్న వివరాలు అందులో ఉంటాయి. ఎడబ్ల్యూఎస్ ఆ సంతకాన్ని సరిచూసుకుని, మీరు పెట్టిన షరతులకి సరిపోతేనే తాత్కాలిక కీ ఇస్తుంది. మామూలుగా దాని గడువు ఒక గంట. కావాలంటే 15 నిమిషాలకి తగ్గించుకోవచ్చు. ఎక్కడా దాచాల్సిన రహస్యం లేదు కాబట్టి దొంగిలించడానికీ ఏమీ ఉండదు.

చేయాల్సినవి ఇవి. ఎడబ్ల్యూఎస్ ఐఏఎమ్‌లో (ఎవరికి ఏ హక్కులో నిర్ణయించే సర్వీస్) గిట్‌హబ్ టోకెన్ జారీ చేసే చిరునామాని ఐడెంటిటీ ప్రొవైడర్‌గా చేర్చండి. ఒక రోల్ సృష్టించి, ఆ ప్రొవైడర్ మాత్రమే దాన్ని ధరించగలిగేలా ట్రస్ట్ పాలసీ రాయండి. వర్క్‌ఫ్లో ఫైల్‌లో ఐడీ టోకెన్‌కి రైట్ అనుమతి ఇవ్వండి. ఎడబ్ల్యూఎస్ వారి అధికారిక క్రెడెన్షియల్స్ యాక్షన్‌కి (యాక్షన్ అంటే వర్క్‌ఫ్లోలో వాడే రెడీమేడ్ భాగం) రోల్ పేరు అందించండి.

ఇందులో అందరూ పొరపడేది ట్రస్ట్ పాలసీలోని సబ్ షరతు దగ్గర. టోకెన్‌లో సబ్ అనే గడిలో రెపో అనే మాట, తర్వాత ఆర్గనైజేషన్ పేరు, రెపో పేరు, చివర్న రెఫ్ కింద బ్రాంచ్ పేరు ఉంటాయి. పని జరగట్లేదని విసిగిపోయి అక్కడ ఒక నక్షత్రం గుర్తు పెట్టేస్తారు. రెపో పేరు స్థానంలో నక్షత్రం ఉంటే మీ ఆర్గనైజేషన్‌లో ఎవరు కొత్త రెపో తెరిచినా ప్రొడక్షన్ రోల్ దొరుకుతుంది. బ్రాంచ్ స్థానంలో ఉంటే రివ్యూ కాని బ్రాంచ్ నుంచి కూడా డిప్లాయ్ చేయవచ్చు. పని జరగకపోవడానికి కారణం చాలాసార్లు ఇది: జాబ్‌కి ఎన్విరాన్‌మెంట్ పెడితే సబ్ విలువలో బ్రాంచ్ పోయి, దాని చోట ఎన్విరాన్‌మెంట్ పేరు వస్తుంది. షరతుని అలా మార్చండి, నక్షత్రం అక్కర్లేదు. ఆ ఎన్విరాన్‌మెంట్‌కి అప్రూవల్ తప్పనిసరి చేస్తే ఇంకా మంచిది.

ప్లాన్‌కి ఒక రోల్, అప్లైకి ఇంకో రోల్ పెట్టండి. పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని కలపమని అడిగే విన్నపం) మీద నడిచే ప్లాన్ నిరపాయకరం అనుకోకండి. ప్లాన్ సమయంలోనే ఎక్స్‌టర్నల్ డేటా సోర్స్ ఏ ప్రోగ్రామ్‌నైనా నడపగలదు. పుల్ రిక్వెస్ట్ తెరవగలిగినవాడు ప్లాన్ రోల్ చేయగలిగిందంతా చేయగలడు అని లెక్క వేసుకుని దాని హక్కులు నిర్ణయించండి.

రెండో కుప్ప: విలువ బదులు పేరు ఇవ్వండి

ఇక్కడ నా ఇష్టం వరుసలో చెబుతాను.

అన్నిటికంటే మేలైనది, టూల్ ఆ విలువని ఎప్పుడూ చూడకపోవడం. ఎడబ్ల్యూఎస్ నడిపే ఆర్‌డీఎస్ డేటాబేస్ తీసుకోండి. పాస్‌వర్డ్ ఇవ్వడానికి బదులు మేనేజ్ మాస్టర్ యూజర్ పాస్‌వర్డ్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే, ఆర్‌డీఎసే పాస్‌వర్డ్ పుట్టించి సీక్రెట్స్ మేనేజర్‌లో పెడుతుంది, గడువు ప్రకారం మారుస్తుంది కూడా. టెర్రాఫార్మ్‌కి దక్కేది ఆ సీక్రెట్ ఏఆర్ఎన్ (ఎడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి పేరు) మాత్రమే. దాన్ని మీ అప్లికేషన్‌కి ఇవ్వండి. అప్లికేషన్ నడిచేటప్పుడు తన రోల్‌తో అదే వెళ్లి చదువుకుంటుంది. స్టేట్‌లో గుర్తు విలువ వెతికితే సున్నా.

అలాంటి సౌకర్యం లేని చోట, ఉదాహరణకి బయటి కంపెనీ ఇచ్చిన ఏపీఐ టోకెన్ విషయంలో, సీక్రెట్ ఉంచే ఖాళీ గిన్నెని టెర్రాఫార్మ్ చేయాలి, అందులో పోసేది వేరేవాళ్లై ఉండాలి. అంటే సీక్రెట్ పేరు, కేఎంఎస్ కీ, ఎవరు చదవాలన్న పాలసీ అన్నీ కోడ్‌లో ఉంటాయి. విలువని మాత్రం ఆ టోకెన్ యజమాని కన్సోల్ నుంచో కమాండ్ నుంచో ఒకసారి పెడతాడు. ఇది పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది గానీ రివ్యూ చేయాల్సిందంతా రివ్యూకి వస్తుంది, దాచాల్సిందంతా బయటే ఉంటుంది. నేను ఎక్కువ సందర్భాల్లో సిఫారసు చేసేది దీన్నే.

విలువ టూల్ గుండా వెళ్లక తప్పదు అనుకుంటే ఎఫెమెరల్ (ఎక్కడా దాచకుండా వాడి వదిలేసే) పద్ధతి వాడండి. టెర్రాఫార్మ్ 1.10లో ఎఫెమెరల్ విలువలు, 1.11లో రైట్ ఓన్లీ (రాయడమే తప్ప దాచుకోని) ఆర్గ్యుమెంట్లు వచ్చాయి. ఎఫెమెరల్ బ్లాక్ చదివిన విలువ స్టేట్‌లోకి, ప్లాన్‌లోకి వెళ్లదు. ఆ విలువని రిసోర్స్‌కి అందించడానికి పాస్‌వర్డ్ అనే ఆర్గ్యుమెంట్ బదులు, చివర డబ్ల్యూఓ అని ఉండే ఆర్గ్యుమెంట్ వాడాలి. దానికి జతగా వెర్షన్ ఆర్గ్యుమెంట్ ఒకటి ఉంటుంది. విలువ ఎక్కడా దాచుకోదు కాబట్టి అది మారిందో లేదో టెర్రాఫార్మ్‌కి తెలియదు. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఆ వెర్షన్ అంకె మీరే పెంచాలి, లేకపోతే అప్లై నడిచినా డేటాబేస్‌లో పాతదే ఉంటుంది.

ఎఫెమెరల్ ర్యాండమ్ పాస్‌వర్డ్ వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి. అది నడిపిన ప్రతిసారీ కొత్త విలువ పుట్టిస్తుంది. దాన్ని ముందు సీక్రెట్స్ మేనేజర్‌లోకి రైట్ ఓన్లీగా రాయించి, అక్కడి నుంచి ఎఫెమెరల్‌గా తిరిగి చదివి, అప్పుడు డేటాబేస్‌కి ఇవ్వండి. నేరుగా రెండు చోట్లకీ ఇస్తే ఎప్పుడో ఒకసారి ఒకటి రాసి రెండోది ఫెయిలవుతుంది. తర్వాత నడిపినప్పుడు రెండు చోట్లా వేర్వేరు విలువలు మిగులుతాయి.

పాత కోడ్‌ని ఈ పద్ధతికి మార్చినప్పుడు పని అక్కడితో ఆగదు. స్టేట్ బకెట్‌లో వెర్షనింగ్ (ఫైల్ పాత రూపాలని దాచడం) మామూలుగా ఆన్ చేసి ఉంటుంది, ఉండాలి కూడా. అంటే పాత పాస్‌వర్డ్ ఉన్న స్టేట్ వెర్షన్లు వెనక వరుసగా అలాగే ఉన్నాయి. మార్పు పూర్తయిన వెంటనే ఆ పాస్‌వర్డ్‌ని కూడా మార్చేయండి, అప్పుడు పాత వెర్షన్లలో ఉన్నది పనికిరాని విలువ అవుతుంది.

ఒక్క అడ్డదారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వర్చువల్ మెషీన్ మొదలయ్యేటప్పుడు నడిచే యూజర్ డేటా స్క్రిప్ట్‌లో సీక్రెట్ రాయకండి. ఆ మెషీన్ లోపల నడిచే ఏ ప్రాసెస్ అయినా 169.254.169.254 చిరునామాలోని మెటాడేటా సర్వీసుని అడిగి ఆ స్క్రిప్ట్ మొత్తం చదవగలదు. స్క్రిప్ట్‌లో సీక్రెట్ పేరు రాసి, మెషీన్ తన రోల్‌తో తెచ్చుకునేలా చేయండి.

ఆన్సిబుల్ అయితే

ఆన్సిబుల్‌కి స్టేట్ ఫైల్ లేదు, ఆ తలనొప్పి తప్పింది. దాని ఇబ్బందులు వేరే చోట ఉన్నాయి.

ఆన్సిబుల్‌లోనే ఉండే ఆన్సిబుల్ వాల్ట్ ఏఈఎస్256 పద్ధతితో ఫైళ్లని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, కాబట్టి వాటిని గిట్‌లో పెట్టవచ్చు. మొత్తం వేరియబుల్స్ ఫైల్‌ని ఎన్‌క్రిప్ట్ చేస్తే రివ్యూలో ఏం మారిందో ఎవరికీ తెలియదు. అందుకని గ్రూప్ వార్స్ (సర్వర్ల గుంపుకి వేరియబుల్స్ ఉండే ఫోల్డర్) కింద రెండు ఫైళ్లు పెట్టుకోండి. ఒకదాంట్లో మామూలు వేరియబుల్స్ ఉంటాయి, సీక్రెట్ ఉన్నచోట వాల్ట్ అనే మాటతో మొదలయ్యే వేరియబుల్‌ని సూచిస్తాయి. రెండోదాంట్లో ఆ వాల్ట్ వేరియబుల్స్ మాత్రమే ఉంటాయి, అదొక్కటే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఏ సీక్రెట్ ఎక్కడ వాడుతున్నారో గ్రెప్‌తో తెలుస్తుంది, విలువ మాత్రం కనిపించదు.

వాల్ట్ పాస్‌వర్డ్‌ని అదే రెపోలో ఇంకో ఫైల్‌గా పెట్టడమంటే తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించినట్టు. పాస్‌వర్డ్ ఫైల్ ఆప్షన్‌కి మామూలు ఫైల్ బదులు నడిచే స్క్రిప్ట్ ఇవ్వవచ్చన్నది చాలామందికి తెలియదు. ఆ స్క్రిప్ట్ మీ సీక్రెట్ స్టోర్ నుంచి పాస్‌వర్డ్ తెచ్చి స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి రాస్తే చాలు, డిస్క్ మీద ఏమీ ఉండదు. డెవ్‌కి, ప్రొడక్షన్‌కి వేర్వేరు వాల్ట్ ఐడీలు పెట్టండి.

లాగ్ దగ్గర జాగ్రత్త. సీక్రెట్ తాకే ప్రతి టాస్క్‌కీ నో లాగ్ (అవుట్‌పుట్ దాచే ఆప్షన్) పెట్టండి. టెంప్లేట్ టాస్క్‌ని మార్పులు చూపే డిఫ్ ఆప్షన్‌తో నడిపితే కాన్ఫిగ్ ఫైల్‌లో మారిన లైన్లు, వాటిలో పాస్‌వర్డ్ ఉంటే దానితో సహా, స్క్రీన్ మీద పడతాయి. కాపీ మాడ్యూల్‌కి వాల్ట్ ఫైల్ ఇస్తే అవతలి సర్వర్ మీద అది డిక్రిప్ట్ అయ్యే చేరుతుంది. అక్కడ ఫైల్ మోడ్ 0600 (యజమాని మాత్రమే చదివి రాయగలిగేది) అని మీరే రాయాలి.

సీక్రెట్లని గిట్‌లోనే ఉంచాలంటే

చిన్న టీమ్, విడిగా సీక్రెట్ సర్వర్ నడిపే ఓపిక లేదు అంటే సాప్స్ మంచి దారి. మొజిల్లాలో పుట్టి ఇప్పుడు సీఎన్‌సీఎఫ్ (క్లౌడ్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల సంస్థ) కింద ఉన్న ఈ టూల్, యామల్ (సెట్టింగ్స్ రాసే టెక్స్ట్ పద్ధతి) ఫైల్‌లో పేర్లని అలాగే ఉంచి విలువల్ని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఏ సీక్రెట్ మారిందో రివ్యూలో కనిపిస్తుంది. క్లౌడ్ కేఎంఎస్‌తో గానీ, ఏజ్ అనే ఎన్‌క్రిప్షన్ టూల్ కీతో గానీ వాడవచ్చు. కేఎంఎస్‌తో అయితే ఎవరు డిక్రిప్ట్ చేశారో ఆడిట్ లాగ్ కూడా ఉంటుంది, కాబట్టి నా ఓటు దానికే.

టీమ్ నుంచి ఒకరు వెళ్లిపోయినప్పుడు వాళ్ల కీని జాబితా నుంచి తీసి అప్‌డేట్ కీస్ నడిపితే పని అయిపోయిందనుకుంటారు. అది డేటా కీని (ఫైల్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే అసలు కీ) మిగిలినవాళ్ల కోసం మళ్లీ చుడుతుంది, అంతే. డేటా కీ మారదు. దాన్ని మార్చాలంటే రొటేట్ కమాండ్ నడపాలి. అప్పటికీ గిట్ హిస్టరీలోని పాత ఫైల్‌ని వాళ్లు తమ కీతో తెరవగలరు. అసలు పాస్‌వర్డ్‌లు మార్చడమొక్కటే దానికి పరిష్కారం.

మిగతా టూల్స్ గురించి క్లుప్తంగా

కుబెర్నెటిస్ సీక్రెట్‌లో ఉండేది బేస్64, అది ఎన్‌క్రిప్షన్ కాదు. ఆ యామల్‌ని గిట్‌లో పెట్టడమంటే పాస్‌వర్డ్‌నే పెట్టడం. ఎక్స్‌టర్నల్ సీక్రెట్స్ ఆపరేటర్ వాడి క్లస్టరే (కుబెర్నెటిస్ నడిచే మెషీన్ల గుంపు) సీక్రెట్ స్టోర్ నుంచి తెచ్చుకునేలా చేయండి. కుబెర్నెటిస్‌లో అప్లికేషన్లు పెట్టే హెల్మ్‌కి సెట్ ఆప్షన్‌తో ఇచ్చిన విలువలు రిలీజ్ రికార్డులో మిగిలిపోతాయి, హెల్మ్ గెట్ వాల్యూస్ నడిపితే తిరిగి వస్తాయి.

పులుమి ఈ విషయంలో ముందుంది. సీక్రెట్ అని గుర్తు పెట్టిన విలువని స్టేట్‌లో కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, దాని నుంచి పుట్టిన విలువలకీ అదే గుర్తు వర్తింపజేస్తుంది. కాన్ఫిగ్ సెట్ చేసేటప్పుడు సీక్రెట్ ఆప్షన్ మర్చిపోతే మాత్రం స్టాక్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లో పడుతుంది.

ఎడబ్ల్యూఎస్ సొంత టూల్ క్లౌడ్‌ఫార్మేషన్‌లో నో ఎకో పారామీటర్ (విలువని తెర మీద దాచేది) కంటే డైనమిక్ రిఫరెన్స్ (విలువ బదులు అది ఉన్న చోటి పేరు రాయడం) మేలు. నో ఎకో పెట్టినా ఆ విలువని అవుట్‌పుట్స్‌లోనో మెటాడేటాలోనో వాడితే అక్కడ బయటపడుతుంది.

లాగ్‌ల మాస్కింగ్‌ని నమ్ముకోకండి

సీఐ వ్యవస్థలు లాగ్‌లో సీక్రెట్ కనిపిస్తే నక్షత్రాలుగా మారుస్తాయి. అవి వెతికేది యథాతథంగా అదే అక్షరాల వరసని. బేస్64 చేస్తే, రెండు లైన్లుగా విరిగితే, జేసన్ మొత్తాన్ని ఒకే సీక్రెట్‌గా దాచి అందులో ఒక గడిని మాత్రం ముద్రిస్తే మాస్కింగ్ తప్పిపోతుంది. 2025 మార్చిలో టీజే యాక్షన్స్ వారి ఛేంజ్డ్ ఫైల్స్ యాక్షన్‌ని దెబ్బకొట్టినవాళ్లు సరిగ్గా ఇదే చేశారు. రన్నర్ (జాబ్ నడిచే మెషీన్) మెమరీలోని సీక్రెట్లని రెండుసార్లు బేస్64 చేసి లాగ్‌లోకి వదిలారు. ఆ యాక్షన్ ట్యాగుల్ని (వెర్షన్ పేర్లు) చెడ్డ కమిట్ (ఒక్క కోడ్ మార్పు రికార్డు) వైపు తిప్పేయడంతో ట్యాగ్‌ని నమ్ముకున్నవాళ్లంతా చిక్కుకున్నారు. బయటి యాక్షన్‌లని ట్యాగ్‌తో కాకుండా పూర్తి 40 అక్షరాల కమిట్ హ్యాష్‌తో బిగించండి.

టెర్రాఫార్మ్ డీబగ్ లాగ్‌ని సీఐలో శాశ్వతంగా ఆన్ చేసి ఉంచకండి. ప్రొవైడర్ పంపే రిక్వెస్టుల్లోని వివరాలు అందులో రావచ్చు. ప్లాన్ ఫైల్‌ని ఆర్టిఫ్యాక్ట్‌గా దాచితే, రెపో చదవగలిగిన చాలామంది దాన్ని డౌన్‌లోడ్ చేయగలరు. దాచక తప్పకపోతే ఎన్‌క్రిప్ట్ చేసి, ఒక రోజు గడువు పెట్టండి.

లీక్ అయిందని తెలిస్తే

గిట్ హిస్టరీ శుభ్రం చేయడంతో మొదలుపెట్టకండి. మనసు అటే లాగుతుంది, ఎందుకంటే తప్పు కళ్ల ముందు కనిపించేది అక్కడే. పుష్ అయిన క్షణం నుంచి ఆ విలువ క్లోన్లలో, ఫోర్కుల్లో, క్యాషెల్లో ఉండి ఉండవచ్చు. మొదట కీని పనికిరాకుండా చేయండి. ఎడబ్ల్యూఎస్ ఐఏఎమ్ యూజర్‌కి ఒకేసారి రెండు యాక్సెస్ కీలు ఉండవచ్చు. కాబట్టి కొత్తది తయారుచేసి, దాన్ని వాడాల్సిన చోట పెట్టి, పాతదాన్ని ఇనాక్టివ్ చేయండి. ప్రొడక్షన్ ఆగిపోతుందేమోనన్న భయంతో ఇనాక్టివ్ చేయడాన్ని రేపటికి వాయిదా వేయకండి. పబ్లిక్ రెపోలో పడిన కీని ఆటోమేటిక్ స్కానర్లు నిమిషాల్లో పట్టుకుంటాయి.

పాత కీని ఆపినా, దాంతో అప్పటికే పుట్టించిన తాత్కాలిక సెషన్లు గడువు తీరేదాకా బతికే ఉండవచ్చు. రోల్‌కి అయితే ఐఏఎమ్ కన్సోల్‌లో రివోక్ సెషన్స్ అనే మీట ఉంది. ఆ క్షణానికి ముందు జారీ అయిన సెషన్లన్నిటినీ నిరాకరించే పాలసీ ఒకటి అది రోల్‌కి తగిలిస్తుంది. యూజర్‌కి అయితే అన్నిటినీ నిరాకరించే పాలసీ చేత్తో పెట్టాలి.

తర్వాత క్లౌడ్‌ట్రెయిల్ (ఎడబ్ల్యూఎస్ కాల్స్ లాగ్) తెరిచి ఆ కీ ఐడీతో వెతకండి. లీక్ అయిన సమయం నుంచి ఆపిన సమయం దాకా ఏ ఐపీ నుంచి ఏ కాల్స్ వచ్చాయో చూడండి. కొత్త యూజర్లు, కొత్త కీలు, మీరెప్పుడూ వాడని రీజియన్లలో కొత్త మెషీన్లు ముఖ్యంగా వెతకాలి. ఆ కీకి స్టేట్ బకెట్ చదివే హక్కు ఉంటే, ఆ స్టేట్‌లో ఉన్న ప్రతి పాస్‌వర్డ్ కూడా లీక్ అయినట్టే లెక్క. ఎస్3 డేటా ఈవెంట్లు (ఎవరు ఏ ఫైల్ చదివారో రాసే లాగ్) ముందే ఆన్ చేసి లేకపోతే స్టేట్ చదివారా లేదా అన్నది క్లౌడ్‌ట్రెయిల్‌లో తేలదు, అన్నీ మార్చాల్సిందే. గిట్ ఫిల్టర్ రెపోతో హిస్టరీ తుడవడం, సీక్రెట్ల కోసం వెతికే గిట్‌లీక్స్‌ని ప్రీకమిట్ హుక్‌గా (కమిట్‌కి ముందు నడిచేది) పెట్టడం, సీక్రెట్ ఉన్న పుష్‌ని ఆపే గిట్‌హబ్ పుష్ ప్రొటెక్షన్ ఆన్ చేయడం ఇవన్నీ అయ్యాక చేయవచ్చు.